విదేశీ చదువు, కరోనా: ఎవరికి ముప్పు ఎక్కువ, ఎందుకు?

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబర్ జాతీయ రహదారి మీద జడ్చర్ల, భూత్పూర్ దాటాక కొత్తకోట వస్తుంది. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా. 2016 అక్టోబర్ 11 నుంచి వనపర్తి జిల్లా. ఈ చుట్టుపక్కల ఊళ్ల నుంచే పాలమూరు లేబర్ తరాల తరబడి దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టింది, కాలువలు తవ్వింది, నగరాల్లో మేడలు లేపింది. 2020 మార్చి చివర లాక్‌డౌన్ పెట్టినప్పుడు రోడ్ల మీద మూటాముల్లెతో నడిచింది కూడా ఇలాంటి కూలి జనమే.

అదే వాడల నుంచి ఇప్పుడు ఇంకో ప్రయాణం కూడా మొదలైంది. గురుకులంలో చదివి, ఇంజినీరింగో డిగ్రీయో పూర్తిచేసి, అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధితో అమెరికాకో బ్రిటన్‌కో వెళ్లే ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు. ఫీజులు కట్టలేక చైనాకో ఫిలిప్పీన్స్‌కో వెళ్లి ఎంబీబీఎస్ చదివేవాళ్లు. బయటివాళ్లకు వీళ్లంతా 'ఫారిన్ రిటర్న్'లే. కరోనా కాలంలో ఆ మాటే ఒక ముద్ర అయింది. విమానం ఎక్కి రోగం తెచ్చారన్నారు. విమానం ఎక్కినవాళ్లంతా ఒకటి కాదన్న సంగతి మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

విదేశీ విద్యార్థులకు కరోనా సోకే ముప్పు ఎక్కడ పెరిగింది, ఎవరికి ఎక్కువగా పెరిగింది, ప్రభుత్వాలు ఏం చేశాయి, ఏం చేయలేదు, రేపు ఇంకో మహమ్మారి వస్తే మనం ముందే ఏం అడిగి పెట్టుకోవాలి అన్నవి ఈ వ్యాసంలో ఒక్కచోట పెడుతున్నాం. విదేశీ చదువుకు దరఖాస్తు పెట్టుకునే విద్యార్థులకు, వాళ్లకు సాయం చేసే కార్యకర్తలకు పనికొస్తుందని.

మొదటి కేసులు విద్యార్థులవే

భారతదేశంలో నమోదైన మొదటి మూడు కరోనా కేసులూ వుహాన్‌లో చదువుతూ కేరళకు తిరిగొచ్చిన విద్యార్థులవే. 2020 జనవరి 30న త్రిస్సూర్‌లో మొదటిది, ఫిబ్రవరి 2న ఆలప్పుళలో రెండోది, 3న కాసరగోడ్‌లో మూడోది తేలాయి. ముగ్గురూ కోలుకున్నారు. కేరళ ఆరోగ్య శాఖ వాళ్లను త్వరగా గుర్తించి, విడిగా ఉంచి చికిత్స చేయడంతో వాళ్ల నుంచి వ్యాధి ఊళ్లోకి పాకలేదు.

అదే సమయంలో కేంద్రం రెండు ఎయిరిండియా విమానాల్లో వుహాన్ నుంచి 647 మంది భారతీయులను తెచ్చింది. వాళ్లలో ఎక్కువ మంది విద్యార్థులు. హర్యానాలోని మానేసర్‌లో సైన్యం ఏర్పాటు చేసిన కేంద్రంలో, ఢిల్లీ ఛావ్లాలోని ఐటీబీపీ శిబిరంలో రెండు వారాలు ఉంచి, పరీక్షలు చేసి ఇళ్లకు పంపారు. మొదట్లో ప్రభుత్వం చేయగలిగింది ఇది. తర్వాత వేల మంది దారిలో చిక్కుకున్నప్పుడు ఇదే ఏర్పాటు అందరికీ దొరకలేదు.

తెలంగాణలో మొదటి కేసు మార్చి 2న తేలింది. దుబాయ్ వెళ్లి బెంగళూరు మీదుగా వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అతను. గాంధీ ఆసుపత్రిలో చికిత్స పొంది కోలుకున్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కేసు నెల్లూరులో మార్చి 12న. ఇటలీలో చదువుకుని తిరిగొచ్చిన విద్యార్థి.

మార్చి 17న ఇంకో సంగతి జరిగింది. ఫిలిప్పీన్స్, మలేషియా, అఫ్ఘనిస్తాన్ నుంచి ప్రయాణికులను భారత్ అప్పటికప్పుడు ఆపేసింది. ఫిలిప్పీన్స్‌లో వైద్యవిద్య చదివే మన విద్యార్థులు చాలామంది అప్పటికే బయలుదేరి కౌలాలంపూర్ విమానాశ్రయంలో ఉన్నారు. ముందుకు పోలేరు, వెనక్కి వెళ్లలేరు. చివరికి విదేశాంగ శాఖ అనుమతితో ఎయిర్ ఏషియా విమానాలు వాళ్లను ఢిల్లీకి, విశాఖపట్నానికి తెచ్చాయి. మార్చి 22 నుంచి అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలన్నీ ఆగిపోయాయి. అప్పటికి బయలుదేరనివాళ్లు ఉన్నచోటే ఉండిపోయారు. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ల గురించే.

వైరస్‌కు పాస్‌పోర్టు తెలియదు, గది తెలుసు

కరోనా వైరస్ సోకేది ప్రధానంగా గాలి ద్వారా. సోకినవాళ్లు ఊపిరి వదిలినా, మాట్లాడినా, దగ్గినా వచ్చే తుంపరలు, సన్నటి కణాలు మూసిన గదిలో ఎక్కువసేపు నిలుస్తాయి. సోకిన తర్వాత లక్షణాలు బయటపడటానికి మొదటి రకాల్లో సగటున అయిదు రోజులు, ఎక్కువలో ఎక్కువ 14 రోజులు పట్టేది. క్వారంటైన్ 14 రోజులు పెట్టింది అందుకే. లక్షణాలు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటించే అవకాశం ఉంది. లక్షణాలు అసలే లేనివాళ్ల నుంచి కూడా అంటుతుంది.

దీన్నిబట్టి ముప్పు లెక్క సులువుగానే అర్థమవుతుంది. ఎంతమందితో, ఎంత ఇరుకు చోట, ఎంతసేపు, ఎంత తక్కువ గాలి ఆడే గదిలో ఉంటామన్నది మొదటి భాగం. సోకిందని తెలిశాక విడిగా ఉండటానికి చోటు ఉందా, పని మానేస్తే తిండి దొరుకుతుందా అన్నది రెండో భాగం. జబ్బు ముదిరితే ఆసుపత్రికి వెళ్లగలమా అన్నది మూడో భాగం.

వయసు చూస్తే విద్యార్థులకు ప్రాణాపాయం తక్కువే. ఇరవైల్లో ఉన్నవాళ్లకంటే అరవై దాటినవాళ్లలో మరణాలు ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ మధుమేహం, ఊబకాయం, ఊపిరితిత్తుల జబ్బులు, క్షయ, కిడ్నీ సమస్యలు, గర్భం, సికిల్ సెల్ రక్తహీనత ఉన్నవాళ్లకు చిన్న వయసులోనూ జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ. సికిల్ సెల్ మన దేశంలో కొన్ని ఆదివాసీ, దళిత సమూహాల్లో ఎక్కువగా కనబడుతుంది. క్షయ పేదరికాన్ని వెతుక్కుంటూ వచ్చే జబ్బు. కాబట్టి 'కుర్రాళ్లకేం కాదు' అన్న మాట అందరికీ ఒకేలా వర్తించదు. తగ్గాక కూడా నెలల తరబడి ఆయాసం, నీరసం, మతిమరుపు లాంటి ఇబ్బందులు కొందరిని వదల్లేదు. దాన్నే లాంగ్ కోవిడ్ అంటున్నారు. సెమిస్టర్ పోతే స్కాలర్‌షిప్ పోయే విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు.

ముప్పు పెంచినవి ఏవి?

ఇల్లు: విదేశంలో చదివే మధ్యతరగతి, పేద విద్యార్థులు అద్దె తగ్గించుకోవడానికి రెండు పడక గదుల ఇంట్లో నలుగురైదుగురు ఉంటారు. హాలులో పరుపు వేసుకున్నవాళ్లకు అద్దె ఇంకా తక్కువ. వంటగది ఒకటి, బాత్‌రూం ఒకటి. ఒకరికి సోకితే 'విడిగా ఉండండి' అని చెప్పే డాక్టర్ సలహా ఆ ఇంట్లో అమలు కాదు. ఇరుకు గదులు ఏం చేస్తాయో సింగపూర్ చూపించింది. అక్కడ విదేశీ కూలీలు ఉండే డార్మిటరీల్లో దాదాపు 3,23,000 మంది ఉంటే, 2020 డిసెంబర్ నాటికి 47 శాతం మందికి వైరస్ సోకినట్టు పరీక్షల్లో తేలింది. తెలుగు, తమిళ కూలీలు కూడా ఆ గదుల్లో ఉన్నవాళ్లే. డార్మిటరీల బయట, సొంత ఇళ్లల్లో ఉన్న జనంలో వ్యాప్తి దీనికి చాలా తక్కువ. ఊరు ఒకటే, వైరస్ ఒకటే, గది వేరు.

క్యాంపస్: 2020 ఆగస్టులో అమెరికా యూనివర్సిటీలు తెరుచుకున్నాయి. చాపెల్‌హిల్‌లోని నార్త్ కరోలినా యూనివర్సిటీ తరగతులు మొదలైన వారానికే కేసులు పెరిగి ఆన్‌లైన్‌కు మళ్లింది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్క ప్రకారం, ప్రత్యక్ష తరగతులు నడిపిన పెద్ద యూనివర్సిటీలున్న కౌంటీల్లో ఆ ముందు మూడు వారాలతో పోలిస్తే తర్వాతి మూడు వారాల్లో కొత్త కేసులు 56 శాతం పెరిగాయి. ఆన్‌లైన్‌లో నడిపిన యూనివర్సిటీలున్న కౌంటీల్లో 18 శాతం దాకా తగ్గాయి. బ్రిటన్‌లో మాంచెస్టర్ మెట్రోపాలిటన్ యూనివర్సిటీలో సెప్టెంబర్‌లో 127 మందికి సోకిందని తేలగానే రెండు హాస్టళ్లలోని సుమారు 1,700 మందిని గదులు దాటి రావద్దన్నారు. స్థానిక విద్యార్థికి కనీసం తిండి తెచ్చే అమ్మానాన్న పక్క ఊళ్లో ఉంటారు. విదేశీ విద్యార్థికి ఎవరున్నారు?

పని: విద్యార్థి వీసా మీద పని గంటలకు పరిమితి ఉంటుంది. అమెరికాలో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు, బ్రిటన్‌లో 20, అప్పట్లో ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 40. దొరికే పనులు కూడా చాలావరకు మనుషుల మధ్య చేసేవే: కేఫ్, సూపర్ మార్కెట్, గోదాం, డెలివరీ, వృద్ధాశ్రమాల్లో సేవ. ఇంట్లో కూర్చుని చేసే పని విద్యార్థుల్లో చాలా కొద్దిమందికే దొరుకుతుంది. ఆస్ట్రేలియా, కెనడా ప్రభుత్వాలు 2020లో ఈ పరిమితిని కొన్ని రంగాలకు తాత్కాలికంగా సడలించాయి. ఆస్ట్రేలియా సూపర్ మార్కెట్లకు, వృద్ధుల సంరక్షణకు, కెనడా అత్యవసర సేవలకు. అంటే కరోనా ఎక్కువగా సోకే చోట విదేశీ విద్యార్థుల చేతులు కావలసివచ్చాయి.

ఆదాయం: జ్వరంగా ఉందని పని మానేస్తే జీతం రాదు. జీతం రాకపోతే అద్దె కట్టలేరు. ఇంటికి ఫోన్ చేసి డబ్బు పంపమనే అవకాశం ఉన్నవాడు రెండు వారాలు గదిలో ఉంటాడు. ఇంటి దగ్గర తల్లిదండ్రులు ఉపాధి హామీ కూలికి పోతుంటే, వాళ్ల పనే లాక్‌డౌన్‌లో ఆగిపోతే, ఆ విద్యార్థి మాత్ర వేసుకుని పనికి పోతాడు. 'నిబంధనలు పాటించలేదు' అని ఎవరినైనా నిందించే ముందు ఈ లెక్క చూడాలి.

వైద్యం: బ్రిటన్‌లో విద్యార్థులు వీసాతో పాటే ఆరోగ్య సర్‌ఛార్జి కడతారు. అప్పట్లో ఏడాదికి 300 పౌండ్లు, 2020 అక్టోబర్ 27న అది 470కి పెరిగింది. దాంతో అక్కడి ప్రభుత్వ వైద్యం అందుతుంది. అమెరికాలో ప్రైవేటు బీమా. బీమా ఉన్నా మొదట కొంత మొత్తం మన జేబులోంచే కట్టాలి. బిల్లు ఎంత వస్తుందో ముందు తెలియదు. అందుకే ఊపిరి ఆడకపోయేదాకా ఆసుపత్రికి పోకుండా ఆగినవాళ్లుంటారు. ప్రభుత్వ వైద్యం వాడితే తర్వాత గ్రీన్‌కార్డుకు అడ్డవుతుందన్న భయం కూడా ఉంది. కరోనా పరీక్ష, చికిత్సలను అలా లెక్కలోకి తీసుకోబోమని అమెరికా వలస శాఖ 2020 మార్చిలోనే ప్రకటించింది. ఆ ప్రకటన భయపడేవాళ్ల దాకా చేరితేనే దానికి విలువ.

వర్ణం: బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2020 జూన్‌లో ఇచ్చిన నివేదికలో వయసు, లింగం, ప్రాంతం, పేదరికం లెక్కలోకి తీసుకున్నాక కూడా బంగ్లాదేశ్ మూలాలున్నవాళ్లలో కరోనా మరణాల ముప్పు తెల్లవాళ్లకు రెండింతలు ఉందని తేలింది. భారతీయ, పాకిస్తానీ, చైనా, కరీబియన్ మూలాలున్నవాళ్లలో 10 నుంచి 50 శాతం ఎక్కువ. రక్తంలో తేడా ఉందని దీనర్థం కాదు. ఏ పనుల్లో ఉన్నారు, ఎలాంటి ఇళ్లల్లో ఉన్నారు, ముందే ఏ జబ్బులున్నాయన్నది ఆ నివేదిక పూర్తిగా లెక్కలోకి తీసుకోలేదు. ముప్పు దాగింది అక్కడే.

కులం సముద్రం దాటినప్పుడు

దళిత విద్యార్థికి పైవాటికి తోడు ఇంకొకటి ఉంటుంది. పరాయి దేశంలో గది, పార్ట్‌టైం పని, విమానాశ్రయం నుంచి తీసుకెళ్లే కారు, జ్వరం వస్తే గిన్నెడు జావ ప్రభుత్వం ఇవ్వదు. తెలిసినవాళ్ల ద్వారా, ఊరి వాట్సాప్ గ్రూపుల ద్వారా, తెలుగు సంఘాల ద్వారా వస్తాయి. ఆ సంబంధాలు చాలాచోట్ల కులం గీతల మీదే నడుస్తాయి.

అమెరికాలో ఈక్వాలిటీ ల్యాబ్స్ 2018లో ప్రచురించిన సర్వేలో పాల్గొన్న దళితుల్లో సగం మంది తమ కులం బయటపడుతుందన్న భయంతో బతుకుతున్నామని చెప్పారు. దళిత విద్యార్థుల్లో ముగ్గురిలో ఒకరు చదువు కాలంలో వివక్ష ఎదురైందన్నారు. 2020 జూన్ 30న కాలిఫోర్నియా ప్రభుత్వం సిస్కో కంపెనీలో ఒక దళిత ఇంజినీర్‌పై కులవివక్ష జరిగిందంటూ కేసు వేసింది. సరిగ్గా కరోనా ఉధృతంగా ఉన్న రోజులవి. ఇంటిపేరు, ఊరు, తిండి అడిగి కులం కనుక్కునే రూమ్మేట్ల మధ్య ఉండే విద్యార్థికి జబ్బు చేసిందని చెప్పడం కూడా లెక్క వేసుకుని చేయాల్సిన పని. చెబితే గది ఖాళీ చేయమంటారేమో. చెప్పకపోతే అందరికీ అంటుతుంది. రోగాన్ని దాచినవాళ్లను తప్పుపట్టడం సులువు. దాచాల్సిన పరిస్థితిని తీసేయడమే నిజమైన నివారణ.

భాషలోనూ ఇది కనబడింది. ప్రభుత్వాలు 'సామాజిక దూరం' పాటించమన్నాయి. ఆ మాట వినగానే మన వాడలకు గుర్తొచ్చింది వైరస్ కాదు, ఊరికి అవతల కట్టించిన ఇళ్లు. విడిగా పెట్టిన గ్లాసు. ఇది అంటరానితనాన్ని శాస్త్రం పేరుతో సమర్థించుకునే మాట అవుతుందని దళిత సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020 మార్చి 20 నుంచే 'భౌతిక దూరం' అనే మాట వాడటం మొదలుపెట్టింది. మనుషులు కాస్త దూరంలో ఉండాలి, మనుషుల మధ్య సంబంధం మాత్రం తెగకూడదు అన్నది దాని ఉద్దేశం. రాసేటప్పుడు, మాట్లాడేటప్పుడు భౌతిక దూరం అనే వాడదాం.

ఏ దేశం ఏం చేసింది

అమెరికా: 2019-20లో అక్కడ 1,93,124 మంది భారతీయ విద్యార్థులున్నారు. మరుసటి ఏడాదికి 1,67,582కి తగ్గారు. కేర్స్ చట్టం కింద విద్యార్థులకిచ్చిన అత్యవసర గ్రాంట్లు విదేశీ విద్యార్థులకు వర్తించవని విద్యాశాఖ 2020 ఏప్రిల్‌లో తేల్చింది. జులై 6న ఇంకో దెబ్బ. తరగతులన్నీ ఆన్‌లైన్‌లో ఉంటే విదేశీ విద్యార్థులు దేశం వదిలి పోవాలని వలస శాఖ ఆదేశించింది. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కాయి. ఎన్నో రాష్ట్రాలు, యూనివర్సిటీలు తోడయ్యాయి. జులై 14న ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ ఎనిమిది రోజులూ విద్యార్థులు రోగం గురించి కాదు, సూట్‌కేసు గురించి ఆలోచించారు.

బ్రిటన్: విద్యార్థి వీసా మీద 'ప్రభుత్వ నిధులు వర్తించవు' అని రాసి ఉంటుంది. పని పోయినా అక్కడి సంక్షేమ భృతి రాదు. తూర్పు లండన్‌లో న్యూహామ్ కమ్యూనిటీ ప్రాజెక్ట్ అనే స్వచ్ఛంద సంస్థ దగ్గర ఆహార పొట్లాల కోసం బారులు తీరినవాళ్లలో ఎక్కువమంది భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్ విద్యార్థులే.

ఆస్ట్రేలియా: 2020 ఏప్రిల్ 3న అప్పటి ప్రధాని స్కాట్ మారిసన్, తమ ఖర్చు తాము భరించలేని విదేశీ విద్యార్థులు, సందర్శకులు స్వదేశాలకు వెళ్లిపోవాలన్నారు. అప్పటికే విమానాలు లేవు. ఉద్యోగం పోయినవాళ్లకిచ్చే కేంద్ర సాయం విద్యార్థులకు ఇవ్వలేదు. విక్టోరియా రాష్ట్రం మాత్రం 4.5 కోట్ల డాలర్ల నిధి పెట్టి ఒక్కో విద్యార్థికి 1,100 డాలర్ల దాకా ఇచ్చింది. సెలవులకు ఇంటికొచ్చి చిక్కుకున్నవాళ్లకు సరిహద్దు మళ్లీ తెరుచుకున్నది 2021 డిసెంబర్ 15న.

కెనడా: అంతకుముందు ఏడాదిలో 5,000 డాలర్లు సంపాదించి, కరోనా వల్ల పని పోయినవాళ్లకు నెలకు 2,000 డాలర్ల భృతి ఇచ్చింది. షరతులు సరిపోతే విదేశీ విద్యార్థులకూ ఇచ్చింది. తలుచుకుంటే ఇవ్వొచ్చని దీంతో తెలుస్తోంది.

చైనా: 2020 మార్చి 28 నుంచి విదేశీ విద్యార్థులను రానివ్వలేదు. 23 వేలకు పైగా భారతీయ విద్యార్థులు, ఎక్కువగా ఎంబీబీఎస్ వాళ్లు, ఇళ్లల్లో ఫోన్లో పాఠాలు వింటూ ఉండిపోయారు. విద్యార్థి వీసాలు మళ్లీ మొదలైంది 2022 ఆగస్టులో. రోగులను చూడకుండా వైద్యం ఎలా వస్తుందని ఇక్కడ జాతీయ వైద్య కమిషన్ ప్రశ్నించింది. 2022 జులైలో, జూన్ 30లోపు డిగ్రీ పూర్తయినవాళ్లను పరీక్ష రాయనిస్తూ ఇంటర్న్‌షిప్ ఒక ఏడాదికి బదులు రెండేళ్లు చేయాలంది. అప్పు చేసి పంపిన కుటుంబానికి ఆ ఇంకో ఏడాది వడ్డీతో సహా వచ్చింది.

తిరిగి రావడానికి టిక్కెట్ ఎవరు కొన్నారు?

2020 మే 7న కేంద్రం వందే భారత్ మిషన్ మొదలుపెట్టింది. మొదటి వారంలో 12 దేశాల నుంచి 64 విమానాలు. హైదరాబాద్‌కు కూడా వచ్చాయి. మంచి పనే. కానీ వుహాన్ విమానాల్లా ఇవి ఉచితం కావు. చికాగో నుంచి ఢిల్లీ మీదుగా హైదరాబాద్‌కు సుమారు లక్ష రూపాయలు, లండన్ నుంచి 50 వేలు. దిగాక 14 రోజులు హోటల్‌లో ఉండే ఖర్చూ ప్రయాణికులదే. మే చివర నుంచి అది ఏడు రోజులకు తగ్గి, మిగతా ఏడు రోజులు ఇంట్లో ఉండమన్నారు.

అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి పొందాలంటే కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి. అలాంటి ఇంటికి ఈ లక్ష ఎంతో లెక్క వేయనక్కరలేదు. డబ్బున్నవాళ్లు మేలో వచ్చారు. లేనివాళ్లు అక్కడే ఇరుకు గదుల్లో, పని లేకుండా ఉండిపోయారు. ముప్పు ఎవరికి మిగిలిందో టిక్కెట్ ధరే నిర్ణయించింది.

టీకాలోనూ తేడాలు

2021 వేసవిలో సమస్య రూపం మారింది. కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువును మే 13న 12 నుంచి 16 వారాలకు పెంచారు. ఆగస్టులో క్లాసులకు వెళ్లాల్సినవాళ్లకు అది కుదరదు. జూన్ 7న కేంద్రం విదేశాలకు వెళ్లే విద్యార్థులకు 28 రోజుల తర్వాత రెండో డోసు ఇవ్వొచ్చని, ఆ ధ్రువపత్రం మీద పాస్‌పోర్టు నంబర్ ఉండాలని మార్గదర్శకాలు ఇచ్చింది. తెలంగాణలో వీళ్ల కోసం హైదరాబాద్ నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో ప్రత్యేకంగా టీకాలు వేశారు. కొత్తకోట నుంచి అక్కడికి పోయి రావడమంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు.

కోవాగ్జిన్ వేసుకున్నవాళ్ల కష్టం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని గుర్తించింది 2021 నవంబర్ 3న. అంతదాకా చాలా విదేశీ యూనివర్సిటీలు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఊళ్లో ఏది దొరికితే అది వేసుకున్నవాళ్లు, ఏది వేయాలో చెప్పేవాళ్లు లేనివాళ్లు ఇరుక్కున్నారు. సమాచారం ఆలస్యంగా అందడం కూడా ఒక ముప్పు కారణమే.

మన ఊరికొచ్చిన విదేశీ విద్యార్థులు

మనవాళ్లకు జరిగినదాన్ని ప్రశ్నించేటప్పుడు మన దగ్గర చదివేవాళ్ల సంగతీ చూడాలి. 2019-20లో భారత్‌లో 49,348 మంది విదేశీ విద్యార్థులున్నారు. నేపాల్ నుంచే 28 శాతం. ఉస్మానియా, ఇఫ్లూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల్లో ఆఫ్రికా, పశ్చిమాసియా, మధ్యాసియా దేశాల విద్యార్థులు ఏళ్లుగా చదువుతున్నారు. నల్లగా ఉన్నారని ఇల్లు ఇవ్వని నగరాలు మనవి. కరోనా మొదలవగానే ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులను 'కరోనా' అని పిలిచి వేధించారు. ఆ వేధింపులపై చర్యలు తీసుకోవాలని కేంద్ర హోంశాఖ 2020 మార్చిలో రాష్ట్రాలకు లేఖ రాయాల్సి వచ్చింది. ముఖం చూసి రోగం అంటగట్టడం, పుట్టుక చూసి మలినం అంటగట్టడం ఒకే బుద్ధి.

స్కాలర్‌షిప్‌లో ఏముంది, ఏం అడగాలి

ఎస్సీ విద్యార్థులకు రెండు ప్రధాన దారులున్నాయి.

మొదటిది కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. 2021-22 నుంచి ఏడాదికి 125 మందికి, అందులో ఎస్సీలకు 115. కుటుంబ ఆదాయ పరిమితి 8 లక్షలు. ఫీజు, నిర్వహణ భృతి, రానుపోను విమాన ఛార్జీ, వీసా ఫీజుతో పాటు వైద్య బీమా ప్రీమియం కూడా ఇందులో ఉంది. 2022లో మార్గదర్శకాలు మార్చి భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధనలకు ఇది ఇవ్వబోమన్నారు. కులం గురించి విదేశంలో చదవాలనుకునే దళిత విద్యార్థికి తలుపు మూసిన నిర్ణయం అది.

రెండోది తెలంగాణ ప్రభుత్వ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి. 20 లక్షల దాకా సాయం, వెళ్లడానికి ఒకవైపు విమాన ఛార్జీ. మొదటి విడత ఆ దేశంలో దిగినట్టు ఇమిగ్రేషన్ కాగితం చూపాక, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాక. మామూలు రోజుల్లో ఈ పద్ధతి సరే. కానీ 2020లో వీసా ఆఫీసులు మూతబడి, ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో సెమిస్టర్ మొదలుపెట్టాల్సినవాళ్లు దిగిన కాగితం ఎక్కడి నుంచి తేవాలి? జబ్బుతో పరీక్ష రాయలేనివాళ్ల రెండో విడత ఏమవ్వాలి?

ఈ రెండు పథకాలను పక్కపక్కన పెట్టి చూస్తే అడగాల్సినవి తేలిపోతాయి.

1. రాష్ట్ర పథకంలోనూ వైద్య బీమా ప్రీమియాన్ని విడిగా చెల్లించాలి.
2. మహమ్మారి, యుద్ధం లాంటి సమయాల్లో తిరుగు టిక్కెట్ ప్రభుత్వమే కొనాలి. క్వారంటైన్ ఖర్చు భరించాలి.
3. ఆన్‌లైన్ సెమిస్టర్‌కు, అనారోగ్యంతో వాయిదా పడిన సెమిస్టర్‌కు విడతల షరతులు సడలించాలి.
4. విద్యార్థులకు నేరుగా ఫోన్ చేసే వీలున్న ఒక అధికారిని, అత్యవసర నిధిని పెట్టాలి. జిల్లా ఎస్సీ సంక్షేమ శాఖ దగ్గర ఎవరు ఏ దేశంలో ఉన్నారో జాబితా ఉండాలి.
5. భారత రాయబార కార్యాలయాలు ఇచ్చే సాయం వివరాలు స్కాలర్‌షిప్ మంజూరు పత్రంతో పాటే ఇవ్వాలి.

వెళ్లేముందు చూసుకోవాల్సినవి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కరోనా అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. వైరస్ పోలేదు, భయం తగ్గింది. ఇప్పుడు వెళ్లేవాళ్లు ఇవి చూసుకోండి.

బీమా పత్రంలో జేబులోంచి కట్టాల్సిన మొత్తం ఎంతో, ఆసుపత్రిలో చేరితే ఎంత వర్తిస్తుందో చదవండి. అర్థం కాకపోతే యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు మెయిల్ రాయండి. జవాబివ్వడం వాళ్ల పని.

టీకాల ధ్రువపత్రాలు, పాత జబ్బుల రికార్డులు, మందుల చీటీలు ఇంగ్లిష్‌లో రాయించుకుని కాగితం మీద, ఫోన్లో రెండు చోట్లా పెట్టుకోండి. సికిల్ సెల్, ఉబ్బసం, మధుమేహం ఉంటే దాచకండి.

గది తీసుకునేటప్పుడు కిటికీ ఉందా, ఎంతమంది ఉంటారు, ఒకరికి జబ్బు చేస్తే ఎక్కడ ఉంచుతారు అని ముందే మాట్లాడుకోండి. అద్దె కాస్త ఎక్కువైనా గాలి ఆడే గది మేలు.

కుదిరితే రెండు నెలల ఖర్చు విడిగా పెట్టుకోండి. కుదరకపోతే యూనివర్సిటీలో ఉండే అత్యవసర సహాయ నిధి దరఖాస్తు ముందే చూసి పెట్టుకోండి.

ఆ దేశంలోని అంబేడ్కర్‌వాద సంఘాల వాళ్ల నంబర్లు వెళ్లేముందే తీసుకోండి. కులం అడగకుండా తలుపు తీసేవాళ్లు ఒకరిద్దరైనా ఉండాలి.

కరోనా మనకు నేర్పింది ఒకటే. వైరస్ ఎవరికైనా సోకుతుంది, కానీ ఇరుకు గది, ఆపలేని పని, బీమా లేని ఒళ్లు, తిరిగి రాలేని టిక్కెట్ అందరికీ ఉండవు. అవి ఎవరికి ఉన్నాయో వాళ్లనే ఎక్కువగా పట్టుకుంటుంది. కొత్తకోట నుంచి ముంబై పోయిన కూలీకి, చికాగో పోయిన విద్యార్థికి మధ్య ఉన్న దూరం మనం అనుకున్నంత పెద్దది కాదు. ఇద్దరూ ఇంటికి రావడానికి ఎవరో ఒకరు దయ తలచాలని ఎదురుచూశారు. రేపటి విద్యార్థికి ఆ దయ అవసరం లేకుండా, మంజూరు పత్రంలోనే హక్కుగా రాసి ఉండాలి. అడగాల్సింది మహమ్మారి లేని ఇప్పుడే.